కెంటకీ ఓడకూ, క్రియేషన్ మ్యూజియానికీ పిల్లల్ని పంపొచ్చా? అసలు గొడవ దేనిమీద?

ప్రశ్న క్లుప్తంగా ఇది. సిన్సినాటి దగ్గర ఉంటున్న ఒక తల్లి అడిగారు. వాళ్లది క్రైస్తవ కుటుంబం. వాళ్ల తెలుగు సంఘం సండే స్కూలు పిల్లలందరినీ ఈ వేసవిలో కెంటకీలోని క్రియేషన్ మ్యూజియానికీ, నోవహు ఓడ దగ్గరికీ తీసుకెళ్తోంది. ఏడో క్లాసు చదివే వాళ్లబ్బాయికి రాళ్లన్నా డైనోసార్లన్నా ప్రాణం. భర్త పంపొద్దంటున్నారు, అత్తగారు పంపాల్సిందే అంటున్నారు. "అక్కడ చూపించేది సైన్సేనా? కాకపోతే ప్రభుత్వం ఎలా ఊరుకుంటోంది? సైంటిస్టులు ఎందుకు మూయించరు?" అని అడుగుతున్నారు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. పంపండి. వీలైతే మీరో, మీ ఆయనో తోడు వెళ్లండి. అక్కడ చూపించేది సైన్సు కాదు. ఒక విశ్వాసాన్ని మ్యూజియం రూపంలో కట్టి చూపిస్తున్నారు. ఆ తేడా ఏడో క్లాసు పిల్లాడికి అర్థమయ్యేలా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. ఇక మూయించడం అంటారా, అమెరికా రాజ్యాంగం ఉన్నంతవరకు అది ఎవరి తరమూ కాదు. మూయించాలని కోరుకోవడం కూడా సరికాదని నా అభిప్రాయం. పట్టుబట్టి అడగాల్సినవి వేరే ఉన్నాయి: జనం పన్నుల డబ్బు అటు మళ్లడం ఒకటి, ప్రభుత్వ బడి పిల్లల్ని సైన్సు పాఠం పేరుతో అక్కడికి తీసుకెళ్లడం మరొకటి.

నేను ఉస్మానియాలో జియాలజీ చదివాను. చాలా ఏళ్లుగా ఒహాయోలో ఒక నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పిల్లలకు శిలాజాల గురించి చెబుతున్నాను. మీలాంటి తల్లిదండ్రులు ఈ ప్రశ్న తరచుగా అడుగుతారు. ఎక్కువమంది గొంతు తగ్గించి అడుగుతారు, ఇంట్లోనో సంఘంలోనో మాట పడాల్సి వస్తుందని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఇవేంటో చూద్దాం. క్రియేషన్ మ్యూజియం కెంటకీలో పీటర్స్‌బర్గ్ అనే ఊళ్లో, సిన్సినాటి ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే ఉంది. 2007 మే 28న తెరిచారు. అప్పట్లోనే దాదాపు 2 కోట్ల 70 లక్షల డాలర్లు ఖర్చయింది. కట్టింది ఆన్సర్స్ ఇన్ జెనెసిస్ అనే సంస్థ. దాన్ని నడిపించే కెన్ హామ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మాజీ స్కూలు టీచరు. ఓడ, అంటే ఆర్క్ ఎన్‌కౌంటర్, అక్కడికి దక్షిణాన విలియమ్స్‌టౌన్‌లో ఉంది. దాన్ని 2016 జులై 7న తెరిచారు. ఆదికాండము 7వ అధ్యాయం 7వ వచనం గుర్తుకొచ్చేలా ఏడో నెల ఏడో తేదీ ఎంచుకున్నారు. ఆదికాండములో మూడువందల మూరల పొడవు అని ఉంది కదా, దాన్ని లెక్కగట్టి 510 అడుగుల పొడవున చెక్కతో కట్టారు. కొయ్యపని చూసి తీరాలి, అందులో నాకు రెండో మాట లేదు.

లోపల చెప్పేది ఒకటే కథ. భూమి వయసు దాదాపు 6,000 ఏళ్లు. సృష్టి జరిగింది ఆరు మామూలు రోజుల్లో. డైనోసార్లూ మనుషులూ ఒకే కాలంలో బతికారు. పాపం ప్రవేశించక ముందు జంతువులన్నీ గడ్డీ ఆకులే తిన్నాయి. ఇప్పుడు రాళ్లలో దొరికే శిలాజాల్లో చాలా భాగం నోవహు కాలపు జలప్రళయంలో పూడిపోయినవే. ఏదెను తోట, ఆదాము, హవ్వ, పక్కనే డైనోసార్లు, అన్నీ చాలా శ్రద్ధగా చేశారు. పిల్లలు కళ్లప్పగించి చూస్తారు.

ఒక గదిలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే ఎముకల్ని తవ్వుతున్నట్టు బొమ్మలుంటాయి. ఒకరు మనిషి బుద్ధితో మొదలుపెడతాడట, ఇంకొకరు దేవుని వాక్యంతో. ఆధారాలు ఇద్దరికీ అవే, మొదలుపెట్టిన చోటే వేరు, అందుకే ముగింపులు వేరయ్యాయి అని ఆ గది చెబుతుంది. మీ అబ్బాయిని అక్కడ కాసేపు ఆపండి. మ్యూజియం మొత్తం ఆ ఒక్క వాదన మీదే నిలబడింది.

ఆ వాదన పైకి న్యాయంగానే కనిపిస్తుంది. ఎవరి ఊహలు వాళ్లకుంటాయి కదా అనిపిస్తుంది. కానీ ఆ సంస్థ విశ్వాస ప్రకటనలో స్పష్టంగా ఒక మాట రాసుకున్నారు: చరిత్ర అయినా, కాలగణన అయినా, మరే రంగమైనా, లేఖనానికి విరుద్ధంగా వచ్చే ఏ ఆధారమూ చెల్లదు. ఇది వాళ్లు దాచుకున్న విషయం కాదు, బహిరంగంగా పెట్టిందే. తేడా అంతా ఇక్కడే ఉంది. శాస్త్రవేత్తకు కూడా ముందస్తు ఊహలుంటాయి. కానీ రాయి వేరేలా చెబితే ఆ ఊహను వదులుకోవాలన్నది ఆ పనిలో మొదటి నియమం. ఫలానా ఆధారం వస్తే ఈ బోర్డు పీకేస్తాం అని చెప్పలేని చోట మిగిలేది ప్రదర్శన మాత్రమే.

నిజమైన మ్యూజియాలు బోర్డులు పీకుతాయా అంటే, పీకుతాయి. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో టి.రెక్స్ దశాబ్దాల తరబడి తోక నేలకు ఆనించి నిటారుగా నిలబడి ఉండేది. ఎముకల అమరిక, అడుగుజాడలు చూశాక అది అలా నడవలేదని తేలింది. 1990లలో ఆ అస్థిపంజరాన్ని మొత్తం విప్పి, వెన్ను నేలకు సమాంతరంగా ఉండేలా మళ్లీ నిలబెట్టారు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియం 1979లో తమ అపాటోసారస్ అనే పొడవు మెడ డైనోసార్ తలనే మార్చేసింది, అప్పటిదాకా పెట్టింది వేరే జంతువు పోలికలున్న తల. ఇంగ్లండులో మనిషికీ కోతికీ మధ్య జీవిదంటూ 1912లో బయటపెట్టిన పిల్ట్‌డౌన్ మనిషి పుర్రె మోసమని 1953లో తేల్చింది కూడా శాస్త్రవేత్తలే, బయటివాళ్లు కాదు.

మన గోదావరి దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం మీలో చాలామంది చూసే ఉంటారు. అది ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే వాళ్లు తవ్వి తీసిన జురాసిక్ కాలపు జంతువు. అక్కడ శరీరం ఎముకలు చాలా దొరికాయి కానీ పుర్రె దొరకలేదు, పళ్లు రెండే దొరికాయి. కాబట్టి తల భాగం పోలికల్ని బట్టి చేసినదే. ఏది దొరికింది, ఏది చేసి పెట్టారు అన్నది అడిగితే చెప్పగలగాలి. ఏ మ్యూజియానికి వెళ్లినా, మా మ్యూజియానికి వచ్చినా సరే, మీ అబ్బాయి చేత ఆ ప్రశ్న అడిగించండి.

ఇప్పుడు క్రియేషన్ మ్యూజియంలో ఒక్క వస్తువును దగ్గరగా చూద్దాం. మనిషి పూర్వీకుల కోవకు చెందిన, లూసీ అని పేరుపెట్టిన ప్రాణి అస్థిపంజరం 1974లో ఇథియోపియాలోని హడార్‌లో దొరికింది. వయసు దాదాపు 32 లక్షల ఏళ్లు. పీటర్స్‌బర్గ్‌లో లూసీని చేతి వేళ్ల కణుపుల మీద నడిచే గొరిల్లాలాంటి జంతువుగా చూపిస్తారు. కానీ లూసీలో దొరికిన వాటిలో ముఖ్యమైనవి కటి ఎముక, మోకాలి భాగం. కటి ఎముక పొట్టిగా, వెడల్పుగా గిన్నెలా ఉంది, నిలబడి నడిచేవాళ్లకు ఉన్నట్టు. గొరిల్లాకు అది పొడవుగా, పలకలా ఉంటుంది. తొడ ఎముక మోకాలి దగ్గర లోపలికి ఏటవాలుగా దిగుతుంది, మనకు దిగినట్టే. టాంజానియాలో లాటోలి దగ్గర గట్టిపడిన అగ్నిపర్వత బూడిదలో 36 లక్షల ఏళ్ల నాటి అడుగుజాడలు ఉన్నాయి. రెండు కాళ్లవే ఉన్నాయి, చేతులు ఆన్చిన గుర్తు ఎక్కడా లేదు. ఇద్దరికీ ఆధారాలు అవే అన్నది ఇక్కడ నిలబడదు. కటి ఎముకను లెక్కలోకి తీసుకున్నవాడు ఆ బొమ్మ చేయలేడు.

దీనికంటే బలమైన ఆధారం మీ ఇంటి చుట్టుపక్కలే ఉంది. ఆ మ్యూజియమూ, ఆ ఓడా నిలబడిన నేల ప్రపంచంలోని జియాలజిస్టులందరికీ తెలిసిన నేల. సిన్సినాటి చుట్టూ ఉన్న రాళ్లు ఆర్డోవిషియన్ కాలపువి, దాదాపు 45 కోట్ల ఏళ్లవి. హైవే కోసం కొండను కోసిన చోట చూడండి, సున్నపురాయి పొర, దానిమీద షేల్ అనే, బురద గట్టిపడిన మెత్తటి రాయి పొర, మళ్లీ సున్నపురాయి, ఇలా పదుల కొద్దీ కనిపిస్తాయి. ఆ సున్నపురాయి పలక ఒకటి చేతిలోకి తీసుకుంటే రాయి కంటే గుల్లలే ఎక్కువుంటాయి. బ్రాకియోపాడ్ అనే రెండు చిప్పల జీవుల గుల్లలు, గుంపుగా కొమ్మల్లా పెరిగే బ్రయోజోవన్లనే చిన్న సముద్ర జీవులు, అదృష్టం బాగుంటే చుట్టుకుని పడుకున్న ట్రైలోబైట్ అనే పురుగులాంటి సముద్ర జీవి.

ఇవన్నీ ఒక్క ఏడాది ప్రళయంలో కొట్టుకొచ్చి పడ్డాయన్నది అక్కడి వాదన. పలకను తిప్పి పైభాగం చూడండి. గుల్ల చచ్చిపోయి ఖాళీ అయ్యాక దానిమీద బ్రయోజోవన్ అతుక్కుని పెరిగింది. కొన్ని పొరల పైభాగం సముద్రం అడుగునే రాయిలా గట్టిపడింది. గట్టిపడ్డాక చిన్న జీవులు దాన్ని తొలిచి బొరియలు చేసుకున్నాయి. ఎడ్రియోఆస్టరాయిడ్లనే గుండ్రటి జీవులు దానిమీద కాపురం పెట్టి, పెద్దవై, అక్కడే చచ్చిపోయాయి. ఆ తర్వాతే పైన ఇంకో బురద పొర పడింది. పుట్టడం, పెరగడం, చావడం, రాయి గట్టిపడటం, మళ్లీ కొత్తవి రావడం, ఇదంతా ఒకదానిపై ఒకటిగా ఎన్నోసార్లు జరిగింది. సుడులు తిరిగే ప్రళయ జలాల్లో ఇది కుదరదు. పైగా అన్ని పొరల్లో వెతికినా ఒక్క డైనోసార్ ఎముక లేదు, ఒక్క పువ్వు లేదు, ఒక్క పక్షి లేదు. అన్నీ ఒకేసారి మునిగితే ఒక్కటైనా కలిసి ఉండాలి కదా. ఇంకా కిందికి, కెంటకీ సున్నపురాళ్ల మధ్య అగ్నిపర్వత బూడిద పొరలున్నాయి. వాటిలోని జిర్కాన్ స్ఫటికాల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచే, 45 కోట్ల ఏళ్ల పైచిలుకు అని చెబుతున్నారు.

ఓడ దగ్గర ఇంకో చిక్కు ఉంది, అది చాలామందికి తట్టదు. లక్షల జాతుల్ని ఓడలో పట్టించలేమని వాళ్లకూ తెలుసు. అందుకే "రకాలు" అని లెక్కేసి, దాదాపు 1,400 రకాలు, మొత్తం 7,000 లోపు జంతువులు ఎక్కాయంటారు. పిల్లుల రకం ఒక జత ఎక్కితే, దిగాక వాటి సంతానం నుంచే సింహం, పులి, చిరుత, ఇంటి పిల్లి అన్నీ వచ్చాయన్నమాట. అది కూడా 4,400 ఏళ్లలోపు. జీవపరిణామాన్ని నమ్మే ఏ శాస్త్రవేత్తా అంత వేగాన్ని ఊహించడు. ఇంకొకటి, వాళ్ల లెక్క ప్రకారం ప్రళయం క్రీ.పూ. 2348 ప్రాంతంలో వచ్చింది. ఆ సమయానికి హరప్పా, మొహెంజోదారో నగరాలు నిండుగా ఉన్నాయి. క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా ఆ నాగరికత మధ్యలో తెగకుండా సాగింది. గిజాలోని పెద్ద పిరమిడ్ అప్పటికి రెండువందల ఏళ్ల పాతది. భూమంతా మునిగి ఎనిమిది మందే మిగిలితే ఆ ఇటుకల వీధుల్లో ఆగకుండా కాపురం చేసిందెవరు? మీ అబ్బాయి హరప్పా గురించి చదివి ఉంటే ఈ ప్రశ్న వాడే వేస్తాడు.

సరే, ప్రభుత్వం ఎలా ఊరుకుంటోంది అన్న మాటకు వద్దాం. అమెరికాలో ప్రభుత్వ బడికి ఒక నియమం, సొంత స్థలంలో సొంత డబ్బుతో కట్టుకున్నవాళ్లకు ఇంకో నియమం. పరిణామ సిద్ధాంతం చెబితే సృష్టివాదం కూడా చెప్పి తీరాలన్న లూసియానా చట్టాన్ని సుప్రీంకోర్టు 1987లో కొట్టేసింది. "ఇంటెలిజెంట్ డిజైన్" (జీవుల వెనక తెలివైన కర్త ఉన్నాడన్న వాదన) పేరుతో అదే విషయాన్ని బడిలోకి తెచ్చినప్పుడు 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులో ఫెడరల్ కోర్టు అదీ మతమేనని తేల్చింది. అవన్నీ ప్రభుత్వ బడుల సంగతి. ప్రైవేటు సంస్థ తన విశ్వాసాన్ని గోడల మీద రాసుకుని టికెట్ పెడితే ఆపే అధికారం ఎవరికీ లేదు. మత స్వేచ్ఛకూ, వాక్ స్వేచ్ఛకూ హామీ ఇచ్చే రాజ్యాంగ మొదటి సవరణ హామ్ గారికి ఎంత రక్షణో, మీ తెలుగు సంఘానికీ, పక్క వీధిలో గుడికీ అంతే రక్షణ. నేను మూయించాలని ఎందుకు కోరుకోనో ఇప్పుడు తెలిసిందనుకుంటా.

డబ్బు దగ్గరే నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఓడ కోసం విలియమ్స్‌టౌన్ నగరం 6 కోట్ల 20 లక్షల డాలర్ల బాండ్లు జారీచేసింది. ఆ ప్రాజెక్టు వల్ల పెరిగే ఆస్తి పన్నులో 75 శాతం, 30 ఏళ్లపాటు ఊరి ఖజానాకు కాకుండా ఆ అప్పు తీర్చడానికే పోతుంది. అక్కడ పనిచేసేవాళ్ల జీతాల్లోంచి 2 శాతం కూడా అటే. దీనికితోడు రాష్ట్రం టూరిజం పథకం కింద 1 కోటి 80 లక్షల డాలర్ల దాకా సేల్స్ టాక్స్ వెనక్కి ఇచ్చే ఏర్పాటు. ఉద్యోగాల్లోకి తీసుకునేవాళ్ల చేత విశ్వాస ప్రకటన మీద సంతకం పెట్టిస్తున్నారని 2014లో రాష్ట్రం వెనక్కి తగ్గింది. సంస్థ కోర్టుకెళ్లింది. పథకం అన్ని టూరిస్టు ప్రదేశాలకూ ఉన్నప్పుడు మతం కారణంగా ఒకరికి కాదనడం కుదరదని 2016 జనవరిలో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు, కొత్త గవర్నర్ అప్పీలుకు వెళ్లలేదు. తీర్పులో తర్కం ఉంది, కాదనను. కానీ ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఇది మత సంస్థ, రాయితీ అడిగేటప్పుడు ఇది వ్యాపారం అన్నట్టు సాగడం నాకు మింగుడుపడదు. 2017లో ఊరు టికెట్ మీద 50 సెంట్ల భద్రతా పన్ను వేసినప్పుడు ఓడ స్థలాన్ని తమదే అయిన లాభాపేక్షలేని సంస్థకు 10 డాలర్లకు రాసేశారు. రాయితీ ఒప్పందం చెల్లదని రాష్ట్రం అన్నాక మళ్లీ వెనక్కి రాసుకున్నారు. ఫైర్ ఇంజనూ పోలీసూ ఊరివాళ్ల డబ్బుతోనే నడుస్తాయి. వాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే కోపం రావడం సహజం.

బడి ట్రిప్పుల సంగతి ఇంకా ముఖ్యం. ఓడ తెరిచిన వేసవిలోనే ఒక లౌకికవాద సంస్థ చుట్టుపక్కల రాష్ట్రాల్లోని వెయ్యికి పైగా స్కూల్ డిస్ట్రిక్టులకు ఉత్తరాలు రాసింది, ప్రభుత్వ బడులు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే రాజ్యాంగ విరుద్ధమని. హామ్ దానికి జవాబుగా ప్రభుత్వ బడి పిల్లలకు టికెట్ ఒక్క డాలరే అన్నారు. నా లెక్క ఇది: సంఘం తీసుకెళ్తే అది మీ ఇష్టం, మీ హక్కు. సైన్సు టీచరు సైన్సు పీరియడ్ కింద తీసుకెళ్తే మాత్రం అది పిల్లలకు అన్యాయం. మీ బడి నుంచి అలాంటి పర్మిషన్ స్లిప్ వస్తే సంతకం పెట్టకండి, ఏ పాఠంలో భాగంగా తీసుకెళ్తున్నారో రాతపూర్వకంగా అడగండి.

సైంటిస్టులు ఏం చేయలేదా అంటే, చేశారు. 2007లో తెరవకముందే కెంటకీ, ఒహాయో, ఇండియానా రాష్ట్రాల శాస్త్రవేత్తలు వందల సంఖ్యలో సంతకాలు చేసి, ఇక్కడ చూపేది సైన్సు కాదని ప్రకటన ఇచ్చారు. 2009లో సిన్సినాటిలో పేలియోంటాలజీ సమావేశానికి వచ్చినవాళ్లు డెబ్బై మంది దాకా కలిసి మ్యూజియం చూడటానికి వెళ్లారు. అన్నిటికంటే పేరొచ్చింది 2014 ఫిబ్రవరి 4 నాటి చర్చ. టీవీ సైన్సు కార్యక్రమాలతో పిల్లలందరికీ తెలిసిన బిల్ నై ఆ మ్యూజియం హాల్లోనే హామ్‌తో వేదిక పంచుకున్నారు. మీ అభిప్రాయం దేనివల్ల మారుతుంది అని సభలో అడిగితే, తాను క్రైస్తవుణ్ణనీ, దేవుని వాక్యం నిజం కాదని ఎవరూ తనను ఒప్పించలేరనీ హామ్ అన్నారు. ఒక్క ఆధారం చూపండి, మార్చుకుంటాను అన్నారు నై.

ఆ చర్చకు వెళ్లడం తప్పని అప్పుడే చాలామంది శాస్త్రవేత్తలు అన్నారు. ఒకే వేదిక మీద రెండు కుర్చీలు వేస్తే రెండూ సమానమన్న భావన వస్తుందని వాళ్ల బాధ. ఆ నెలాఖరుకే ఓడ బాండ్లు సరిపడా అమ్ముడయ్యాయని హామ్ ప్రకటించారు, చర్చ వల్ల వచ్చిన ప్రచారం తోడ్పడిందని కూడా అన్నారు. కాబట్టి వాళ్ల బాధలో నిజముంది. అయినా ఆ ఒక్క ప్రశ్నా, ఆ రెండు జవాబులూ ఇంటర్నెట్‌లో లక్షలమంది చూశారు. విషయం అంత సూటిగా ఏ వ్యాసమూ చెప్పలేదు. నేనైతే వేదిక మీద చర్చలకు వెళ్లను, ఎవరైనా రాయి పట్టుకుని మా దగ్గరికి వస్తే మాత్రం ఎంతసేపైనా కూర్చుంటాను.

సృష్టివాదుల్లోనూ నిజాయితీగా వెనక్కి తగ్గినవాళ్లున్నారు, అది చెప్పకపోతే అన్యాయం. టెక్సస్‌లో గ్లెన్ రోజ్ దగ్గర పాలక్సీ నది అడుగున డైనోసార్ జాడల పక్కనే మనిషి అడుగులున్నాయని చాలాకాలం ప్రచారం జరిగింది. 1980లలో ఆ జాడల్ని జాగ్రత్తగా శుభ్రం చేసి చూస్తే, వేళ్ల గుర్తులు మట్టితో పూడిపోయిన డైనోసార్ అడుగులే అవి అని తేలింది. సృష్టివాదుల్లో పేరున్న సంస్థే ఆ వాదన నుంచి వెనక్కి తగ్గింది, దాని మీద తీసిన సినిమాను ప్రదర్శన నుంచి తీసేశారు. అదే ఊళ్లోని ఇంకో సృష్టివాద మ్యూజియం మాత్రం ఇప్పటికీ ఆ పాట మానలేదు.

ఇక మీ అత్తగారి కోసం నాలుగు మాటలు. భూమి వయసు కోట్ల ఏళ్లని ఒప్పుకుంటే విశ్వాసం పోతుందని ఆమె భయం కావచ్చు. ఆ మ్యూజియం కూడా ఆ భయాన్నే పెంచుతుంది. "లక్షల ఏళ్లు" అని రాసిన ఇనుప గుండు చర్చి గోడను బద్దలుకొడుతున్నట్టు అక్కడ చూపించారు. చరిత్ర అలా లేదు. భూమి చాలా పాతదని మొదట తేల్చినవాళ్లలో పాస్టర్లున్నారు. కేంబ్రిడ్జిలో జియాలజీ చెప్పిన ఆడమ్ సెడ్జ్‌విక్ చర్చిలో ప్రసంగాలు చేసే మనిషి. ఐరోపా అంతా పరుచుకున్న కంకర నోవహు ప్రళయానిదే అని మొదట ఆయనా నమ్మాడు. రాళ్లు అలా చెప్పడం లేదని అర్థమయ్యాక 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ సభలో నిలబడి ఆ మాటను వెనక్కి తీసుకున్నాడు. విశ్వాసాన్ని వదల్లేదు. తర్వాత డార్విన్ సిద్ధాంతాన్ని కూడా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. పోప్ రెండో జాన్ పాల్ 1996లో పరిణామ సిద్ధాంతం కేవలం ఊహ కంటే ఎక్కువేనన్నారు. మానవ జన్యుపటం ప్రాజెక్టును నడిపించిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ప్రార్థన చేసే క్రైస్తవుడు, పరిణామాన్ని పూర్తిగా అంగీకరించినవాడు. గాలప్ సంస్థ 2024 సర్వేలో, దేవుడు మనిషిని గత పదివేల ఏళ్లలో ఇప్పుడున్న రూపంలోనే సృష్టించాడన్న అమెరికన్లు 37 శాతం. పరిణామం జరిగింది, దేవుడే నడిపించాడు అన్నవాళ్లు 34 శాతం. విశ్వాసుల్లోనే ఇన్ని దారులున్నప్పుడు, విశ్వాసమో సైన్సో ఒకటే ఎంచుకో అని పిల్లాడి మీద పెట్టే ఒత్తిడే నాకు భయం. అలా బలవంతపెట్టినప్పుడు పెద్దయ్యాక విశ్వాసాన్నే వదిలేసినవాళ్లని చూశాను.

ఇది అమెరికా క్రైస్తవుల గొడవ, మనకెందుకు అనే తెలుగువాళ్లూ ఉన్నారు. "మీరు అక్కడుండి చూశారా?" అన్నది హామ్ పిల్లలకు నేర్పే ప్రశ్న. 2018లో మన కేంద్ర మంత్రి ఒకరు డార్విన్ తప్పు, కోతి మనిషవ్వడం మన పూర్వీకులెవరూ చూడలేదు అన్నారు. ప్రశ్న అదే, మతమే వేరు. అప్పుడు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది, పద్దెనిమిది వందలకు పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు వద్దని ఉత్తరం రాశారు. కెంటకీలో టికెట్ కొనకపోతే సరిపోతుంది. పదో తరగతి పిల్లాడికి పుస్తకం ఎంచుకునే వీలు లేదు. నన్నడిగితే ఆ రెండోదే పెద్ద ప్రమాదం.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. వెళ్లేముందు పెద్ద ఉపన్యాసం ఇవ్వకండి, స్నేహితుల మధ్య వాణ్ణి వాదనకు దింపకండి. పాస్టరు గారిని అందరి ముందు ప్రశ్నించి గెలవాలన్న ఆలోచన పెట్టకండి. ఒక చిన్న నోటు పుస్తకం ఇవ్వండి. నచ్చిన బోర్డు ఏదైనా సరే, "ఇది వీళ్లకెలా తెలిసింది?" అన్న దానికి అక్కడే జవాబు ఉందో లేదో రాసుకోమనండి. ఎబెనెజర్ అని పేరుపెట్టిన అలోసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం తప్పక చూపించండి. పుర్రె దాదాపు మూడడుగులు, అసలైన శిలాజం, కొలరాడోలో దొరికింది. దాన్ని తనివితీరా చూడనివ్వండి. ఎముక ఏం చెబుతోంది, పక్కన బోర్డు ఏం చెబుతోంది అని రెండు వరుసలుగా రాయమనండి. ఓడలోకి వెళ్లాక కొయ్యపని ఎలా చేశారో అడిగితే అక్కడివాళ్లు సంతోషంగా చెబుతారు, అది నిజంగా నేర్చుకోదగ్గ విషయం.

ఆ వారంలోనే ఇంకో మూడు చోట్లు చూపించండి. క్రియేషన్ మ్యూజియం ఉన్న బూన్ కౌంటీలోనే బిగ్ బోన్ లిక్ అనే స్టేట్ పార్కు ఉంది. ఏనుగులాంటి మంచుయుగపు జంతువులైన మాస్టొడాన్, మామత్ ఎముకలకు పేరుమోసిన చోటు. 1807లో ప్రెసిడెంట్ జెఫర్సన్ ఎముకలు తవ్వించడానికి విలియం క్లార్క్‌ను అక్కడికే పంపించారు. రెండోది సిన్సినాటి యూనియన్ టెర్మినల్‌లోని మ్యూజియం. మూడోది వాడికి బాగా నచ్చుతుంది. షారన్‌విల్‌లోని ట్రామెల్ ఫాసిల్ పార్కులో శిలాజాలు ఏరుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. వాలు మీద ఎండ బాగా పడుతుంది, టోపీ, నీళ్లు మర్చిపోకండి. వాన పడిన మర్నాడు వెళ్తే బురద కొట్టుకుపోయి గుల్లలు పైకి తేలి ఉంటాయి. కాస్త దూరమైనా ఫర్వాలేదంటే సీజర్ క్రీక్‌కి వెళ్లండి. ముందు అక్కడి విజిటర్ సెంటర్‌లో ఉచిత పర్మిట్ తీసుకోవాలి, సుత్తి, ఉలి వాడకూడదు, అరచేతిలో పట్టే వాటినే తెచ్చుకోవాలి. పలక దొరికితే పైభాగం ఫొటో తీసి ఇక్కడ పెట్టమనండి. గుల్ల మీద ఏది పెరిగిందో, ఏది ముందో ఏది తర్వాతో వాడితో కలిసి చూస్తాను.